వంటిల్లు బాగుచేయించేటప్పుడు తలుపులతో మొదలుపెట్టొద్దు

ఒంగోల్లో మేముండే ఇల్లు మామయ్యగారు 1993లో కట్టించింది. మిగతా గదులకి ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక పని చేయించాం గానీ వంటింటి జోలికి ఎవరూ పోలేదు. ఈ ఏడాది ఎలాగైనా దాన్ని బాగుచేయించాలని లక్షా ఇరవై వేలు పక్కన పెట్టుకుని, ఒక మాడ్యులర్ కిచెన్ కంపెనీ వాళ్ళని పిలిపించాం. వచ్చిన అబ్బాయి మర్యాదస్తుడు. లేజర్ మీటరుతో గోడలన్నీ కొలిచాడు, ఫోన్లో బోలెడు డిజైన్లు చూపించాడు. తలుపులు గ్లాసీ కావాలా మ్యాట్ కావాలా, హ్యాండిళ్ళు పైకి కనపడాలా వద్దా, కింద ఒక రంగు పైన ఒక రంగు వేద్దామా అని చాలాసేపు అడిగాడు. పాతిక కిలోల బియ్యం బస్తా ఎక్కడ పెడతారు, మంచినీళ్ళ క్యాన్లు ఎన్ని ఉంటాయి, గ్యాస్ బండ ఎటు వస్తుంది, వంట ఎవరు చేస్తారు అన్నవి మాత్రం అడగలేదు. అత్తయ్య ఉండబట్టలేక "రోలెక్కడ పెట్టమంటావు నాయనా?" అన్నారు. అతను "ఇప్పుడు రోళ్ళెవరు వాడుతున్నారు ఆంటీ" అన్నాడు. మా ఇంట్లో వాడతాం. కందిపచ్చడైనా గోంగూరైనా రోట్లో నూరితేనే మా ఆయనకీ పిల్లలకీ ముద్ద దిగుతుంది.

తర్వాత వాట్సాప్‌లో కొటేషన్ వచ్చింది, 3,85,000 రూపాయలు. ఈఎంఐ ఉంది, వడ్డీ లేదు అని కింద రాశారు.

ఆ కాగితం మీద మా ఇంట్లో నడిచిన చర్చ అంతా ఇంతా కాదు. ఆ చర్చలో నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది, అది చెబుదామనే ఇది రాస్తున్నాను. చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు పాత వంటింట్లో ముందు చూడాల్సినవి నీళ్ళ పైపులు, కరెంటు, వెలుతురు, గాలి, గట్టు ఎత్తు. అరలకి తలుపులు ఆఖర్న, అదీ డబ్బు మిగిలితే. ఒంగోలు, నెల్లూరు వైపు పాత ఇళ్ళలో చాలావాటికి ఆ తలుపులు అసలు అక్కర్లేదని కూడా అంటాను.

రాయి ఉన్నచోట చెక్కపొట్టు ఎందుకు

మా వంటింట్లో అరలన్నీ కడప బండలవే. గట్టు కింద రెండు వరసలు, పక్క గోడకి నాలుగు వరసలు, పైన అటక. ముప్పై ఏళ్ళు దాటినా ఒక్క బండ వంగలేదు, ఒక్కటి పగల్లేదు. ఇత్తడి బిందెలు, ఇడ్లీ పాత్రలు, ఆవకాయ జాడీలు అన్నిటి బరువూ మోశాయి. కంపెనీ అబ్బాయి ఇవన్నీ పీకేసి పెట్టెలు బిగిస్తామన్నాడు. ఆ పెట్టెలు దేంతో చేస్తారని అడిగితే కొటేషన్లో "ఇంజినీర్డ్ వుడ్" అని ఉన్న చోటు చూపించాడు. గుచ్చి గుచ్చి అడిగితే పార్టికల్ బోర్డు అని తేలింది, అంటే చెక్కపొట్టూ జిగురూ కలిపి ఒత్తి పైన లామినేషన్ అంటించిన బోర్డు. నీళ్ళు తగలనంతవరకూ దానికి వంక పెట్టడానికి లేదు. అంచు దగ్గర ఒక్కచోట పైపొర లేచి నీళ్ళు లోపలికి దిగితే మాత్రం ఉబ్బుతుంది, ఉబ్బింది మళ్ళీ సర్దుకోదు. కొత్తపట్నం సముద్రం గాలి తగిలే ఊళ్ళో, నేల కడిగి తుడిచే ఇంట్లో, సింకు కింద ఆ బోర్డు ఎన్నాళ్ళుంటుంది? చెదల సంగతి సరేసరి.

నెల్లూరులో మా చిన్నాడపడుచు వాళ్ళింట్లో నేను కళ్ళారా చూశాను. సింకు కింద పెట్టెకి పైకి ఏమీ తెలియదు, తలుపు తీస్తే అడుగు బోర్డు అటుకుల్లా పొరలు పొరలుగా లేచి ఉంది. తలుపు బందులకి పట్టు లేక స్క్రూలు చేతికే ఊడొస్తున్నాయి. కారణం పెద్ద లీకేజీ ఏమీ కాదు, గొట్టం కీలు దగ్గర చెమర్చే కాస్త నీరే. 2021 నవంబర్లో పెన్నా పొంగి నెల్లూరులో ఇళ్ళలోకి నీళ్ళొచ్చినప్పుడు వాళ్ళ బంధువుల వీధిలో కూడా అదే చూశాం. నీళ్ళు తీశాక కడప బండల అరలున్న వాళ్ళు బురద కడుక్కుని, ఆరబెట్టుకుని, సామాను మళ్ళీ సర్దుకున్నారు. బోర్డు కప్‌బోర్డులున్న వాళ్ళు వాటిని పీకి వీధిలో పడేశారు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. చెక్క పనంతా పనికిరాదని నేననడం లేదు. ప్లైవుడ్‌లో రకాలున్నాయి. షాపులో కమర్షియల్ ప్లై అని అమ్మేది తేమని కొంత తట్టుకుంటుంది గానీ నీళ్ళని తట్టుకోదు. ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం ముద్ర ఉన్న మెరైన్ ప్లై వేరు, దాని ముక్కని 72 గంటలు నీళ్ళలో ఉడకబెట్టి, పొరలు ఊడకపోతేనే పాసైనట్టు. ఆ ప్లైతో చేయించి, అంచులన్నీ సరిగ్గా మూస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది. కానీ దాంతో చేసివ్వమంటే కొటేషన్ ఇంకో డెబ్భై వేలు పెరిగింది. అంత డబ్బుంటే అసలు ఈ వ్యాసమే ఉండదు.

మనం రాళ్ళ సీమలో ఉన్నాం. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దుకున్నాం, ఇంట్లో కడప బండలు పరుచుకున్నాం, పక్కనే చీమకుర్తిలో తీసే గెలాక్సీ రాయి దేశాలు దాటి పోతోంది. అలాంటి చోట ఉండి, ఉన్న రాతి అరలు పగలగొట్టించి, ఎక్కణ్ణుంచో వచ్చిన పొట్టు బోర్డుకి నెల నెలా ఈఎంఐ కట్టడం నాకు ఎంతకీ మింగుడుపడలేదు.

అలాగని కడప బండ ప్రతి పనికీ మంచిదని కాదు. అది సున్నపురాయి జాతి. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే పాలిష్ తినేసి తెల్లటి మచ్చలు పడతాయి. మా గట్టు పైన బండకి పొయ్యి పక్కన అరచేతంత మేర రంగే పోయింది, ముప్పై ఏళ్ళ చేపల పులుసులు, పులిహోరలు అన్నీ అక్కడే కలిపారు మరి. అందుకని అరలకి కడప బండ ఉంచి గట్టు పైన మాత్రం గెలాక్సీ వేయించాం. దాన్ని గ్రానైట్ అని అంటాం గానీ జాతి వేరు, గాబ్రో రకం, నల్లటి రాతిలో బ్రాంజైట్ అనే ఖనిజం రేణువులు బంగారు చుక్కల్లా మెరుస్తాయి. పులుపు దాన్ని ఏమీ చేయదు. చుక్కలు దట్టంగా, సమంగా ఉన్న మొదటి రకం మన బడ్జెట్‌కి అందేది కాదు. గుండ్లాపల్లి వైపు పాలిషింగ్ యూనిట్లలో అడిగితే పెద్ద పలకలు కోయగా మిగిలినవి, ఒక మూల చుక్కలు పల్చగా ఉన్నవి చాలా తక్కువకి ఇస్తారు. మన గట్టు వెడల్పు రెండడుగులే కాబట్టి ఆ ముక్కలే సరిపోతాయి. కొనేముందు పలక మీద నీళ్ళు పోసి, ఆరేటప్పుడు పక్కనుంచి చూడాలి. సన్నటి పగులు ఉంటే అక్కడ తడి గీతలా నిలబడిపోతుంది.

గట్టు ఎత్తు ఎవరిది?

నేను అందరికంటే ఎక్కువగా పట్టుబట్టింది దీని మీద. కిచెన్ గురించి వీడియోలు చేసేవాళ్ళు రంగుల మీద చెప్పినదాంట్లో పదో వంతు కూడా ఎత్తు మీద చెప్పరు.

మా గట్టు 30 అంగుళాలు. అత్తయ్య నాలుగడుగుల పది అంగుళాలు, నేను అయిదడుగుల నాలుగు. మోచేయి వంచి నిలబడితే చేతికింద ఓ నాలుగంగుళాల దిగువన పని జరిగితే నడుముకి సుఖం అని ఫిజియోథెరపీ వాళ్ళు చెబుతారు. ఆ లెక్కన ఆవిడకి సరిపోయే ఎత్తు నాకు తక్కువ, నాకు సరిపోయేది ఆవిడకి ఎక్కువ. మొదట మధ్యస్తంగా 32 పెడదాం అనుకున్నాం. అలా చేస్తే ఇద్దరికీ ఇబ్బందే.

అప్పుడు టేపు తెచ్చి గట్టుని వదిలేసి చేతులు ఎక్కడ పనిచేస్తున్నాయో కొలిచాను. పొయ్యి మీద మూకుడు పెడితే దాని అంచు గట్టుకంటే ఎనిమిది అంగుళాలు పైనుంది. సింకులో అంట్లు తోమేటప్పుడు చేతులు గట్టుకంటే ఏడంగుళాలు కిందికి పోతున్నాయి. అంటే ఒకే గట్టు మీద ఒకచోట 38 అంగుళాల ఎత్తులో పని, ఇంకోచోట 23 అంగుళాల్లో. నాకు నడుం నొప్పి ఎక్కడ మొదలవుతోందో అప్పుడర్థమైంది. అత్తయ్య పప్పు ఎనిపేటప్పుడు గిన్నె పొయ్యి మీదనుంచి దించి కింద పీట మీద ఎందుకు పెట్టుకుంటారో కూడా అర్థమైంది.

కాబట్టి పొయ్యి వైపు పాత ఎత్తే ఉంచేశాం, పైన రాయి మాత్రం మారింది. సింకు వైపు బండ లేపించి, కింద గోడల మీద ఒక వరస ఇటుక పేర్పించి, అదే బండ మళ్ళీ పెట్టించి పైన గెలాక్సీ పరిపించాం. అటు 34 అంగుళాలు దాటింది. మేస్త్రి మొదట ఒప్పుకోలేదు. "గట్టు మెట్టులా ఉంటే బాగుండదమ్మా, చూసినోళ్ళు పని చెడగొట్టాడంటారు" అన్నాడు. అతని మాటలో కూడా నిజం ఉంది, అతని పేరు అతనికి ముఖ్యం. మెట్టు దగ్గర అంచు గుండ్రంగా తిప్పి, కావాలనే చేసినట్టు కనపడేలా చేయమని అడిగాక చేశాడు. ఇప్పుడు కూరలు తరగడం ఎత్తు వైపు నేను చేస్తాను, పొయ్యి దగ్గర ఆవిడ ఉంటారు. ఇంతా కలిపి అయిన ఖర్చు ఇటుకలు, రెండు రోజుల కూలి. ఆ కంపెనీ కేటలాగులో ఇలాంటి గట్టు లేదు, ఎందుకంటే వాళ్ళ పెట్టెలన్నీ ఒకటే కొలత.

గోడలో ఉన్నవి ముందు

పైపులు మార్చక తప్పదా అని మా ఆయనకి అనుమానం. కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తున్నాయి గానీ వస్తున్నాయి కదా అన్నారు. ప్లంబరు గోడ కొట్టి పాత జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపు ముక్క కోసి చేతిలో పెట్టాడు. లోపలంతా తుప్పూ సున్నమూ పేరుకుని మధ్యలో పెన్సిల్ దూరేంత సందు మిగిలింది. మా బోరు ఉప్పునీళ్ళు అన్నేళ్ళు పారితే ఇంకేమవుతుంది. ఇది చూసుకోకుండా ఆ గోడకి కొత్త టైల్స్ వేసి, పైన పెట్టెలు బిగించి ఉంటే, పైపు చిల్లి పడ్డ రోజున అన్నీ పగలగొట్టాల్సి వచ్చేది. సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపులు వేయించి కుళాయిలతో కలిపి తొమ్మిదిన్నర వేలలో అయిపోయింది.

కరెంటుదీ అదే కథ. అప్పట్లో మిక్సీకి ఒక ప్లగ్గు, ఫ్రిజ్‌కి ఒకటి, అంతే. ఇప్పుడు ఇండక్షన్ స్టవ్ ఒక్కటే 2000 వాట్లు, అంటే దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. మేం దాన్ని ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టి వాడుతున్నాం, ఆ బాక్సు ఒక మూల గోధుమరంగులోకి తిరిగి ఉంది. సన్నటి పాత వైరు మీద అంత లోడు పడుతుంటే నాకు రోజూ టెన్షనే. మెయిన్ నుంచి వేరేగా మందం వైరు లాగించి, 16 ఆంపియర్ల ప్లగ్గులు నాలుగు పెట్టించి, షాక్ కొడితే వెంటనే ట్రిప్ అయ్యే ఆర్‌సీసీబీ వేయించాం. పధ్నాలుగు వేలు. కంపెనీ కొటేషన్లో ఈ రెండు పనులూ లేవు, "ప్లంబింగ్, ఎలక్ట్రికల్ కస్టమర్ స్కోప్" అని చిన్న అక్షరాల్లో ఉంది.

వెలుతురు అన్నిటికంటే చవక, అందరూ మర్చిపోయేదీ అదే. లైటు గది మధ్యలో ఉంటుంది, మనం గోడ వైపు తిరిగి నిలబడతాం, మన నీడ మన చేతుల మీదే పడుతుంది. అత్తయ్యకి కళ్ళు సరిగా కనపడక పప్పులో రాళ్ళు వదిలేస్తున్నారనుకున్నాం. అటక కింద, గట్టుకి సూటిగా ఒక ఎల్ఈడీ ట్యూబ్ పెట్టించాక ఆవిడే ఏరుతున్నారు.

గ్యాస్ బండ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వంటగ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేల వెంట పరుచుకుంటుంది. బండని నాలుగు వైపులా మూసిన పెట్టెలో పెట్టి అందంగా తలుపు వేస్తే లీకైన గ్యాస్ అందులోనే నిలిచిపోతుంది. తలుపు కావాలనుకునేవాళ్ళు కనీసం కింద, నేలకి ఆనుకుని జాలీ పెట్టించుకోండి. మాది గట్టు కింద తెరిచే ఉంచాం.

అందం సంగతి

నా వాదనకి గట్టి అడ్డు మా ఆడపడుచు దగ్గర్నుంచే వచ్చింది. "వదినా, నువ్వు చెప్పేవన్నీ నిజమే. కానీ రోజుకి ఆరేడు గంటలు అందులోనే ఉంటాం కదా, కంటికి బాగుండాలని మాత్రం ఉండదా? హాల్లో అయిదు నిమిషాలు కూర్చునే చుట్టాల కోసం సోఫాకి యాభై వేలు పెడితే ఎవరూ అడగరు, ఆడవాళ్ళు వంటింటికి అడిగితే మాత్రం అవసరమా అంటారు" అంది. దీనికి నా దగ్గర సులువైన జవాబు లేదు. నిజానికి ఆ అబ్బాయి ఫోన్లో చూపించిన లేత ఆకుపచ్చ వంటిల్లు నాకూ నచ్చింది. ఇప్పటికీ నచ్చుతుంది. బడ్జెట్ పేరు చెప్పి ఆడవాళ్ళ ఇష్టాన్ని పక్కకి నెట్టే అలవాటు మన ఇళ్ళలో ఉంది, నా మాటలు దానికి సాకు కాకూడదు. అందుకే మా ఇంట్లో వరస మార్చమన్నాను గానీ అందం మానేద్దామనలేదు. లోపలివి సరిచేయించాక చేతిలో మిగిలింది అందానికే పెట్టాం.

అరలు తెరిచి ఉంటే దుమ్ము, నూనె జిడ్డు పడతాయన్నది ఇంకో అభ్యంతరం. పడతాయి. పొయ్యికి దగ్గరున్న డబ్బాలు వారానికోసారి తుడవాల్సిందే. కానీ మూసిన పెట్టెలో బొద్దింకలు చేరితే కనపడనే కనపడవు, మందు కొట్టాలంటే సామానంతా దించాలి. మధ్యేమార్గంగా కళ్ళకి ఎదురుగా ఉండే పై అరలకి అల్యూమినియం ఫ్రేములో గాజు తలుపులు పెట్టించాం, పదహారు వేలయింది. కింద అరల్లో మాత్రం మాడ్యులర్ వాళ్ళ దగ్గర్నుంచి ఒక మంచి విషయం తీసుకున్నాం: ఛానెళ్ళ మీద బయటికి లాగే స్టీలు బుట్టలు. రాతి అరల మధ్య కొలతలకి చేయించి బిగిస్తారు. అత్తయ్య మోకాళ్ళ మీద వంగి అర లోపలికి చెయ్యిపెట్టి వెతికే అవస్థ పోయింది. పద్దెనిమిది వేలు ఎక్కువే అనిపించింది గానీ ఆ ఖర్చుకి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

టైల్స్ అన్నీ మార్చలేదు. ద్రాక్షగుత్తుల బొమ్మలున్న పాత టైల్స్ పిల్లలకి నచ్చవు, నాకు వాటి మీద కోపం లేదు. నల్లబడింది టైల్సు కాదు, మధ్య సందుల్లో సిమెంటు. అది గీకించి ఎపాక్సీ అనే జిగురు మిశ్రమం పట్టిస్తే గోడ తెల్లబడింది, ఆ మిశ్రమం నూనె పీల్చదు. పొయ్యి వెనక పగిలినచోట మాత్రం సాదా తెల్ల టైల్స్ కొత్తవి వేశాం. గెలాక్సీ రాయి, సింకు, పని కూలితో ముప్పై ఒక్క వేలు, టైల్సూ ఎపాక్సీ పన్నెండు, లేత ఆకుపచ్చ పెయింటు ఏడు. లైటు లాంటి చిన్న ఖర్చులు కూడా కలిపి మొత్తం లక్షా పన్నెండు వేలు చిల్లర.

ఒక కష్టం మాత్రం దాచకూడదు. చిన్న చిన్న పనులకి మనుషులు దొరకరు. కంపెనీకి ఇస్తే వాళ్ళే అన్నీ చూసుకుంటారు, మనం చేయించుకుంటే ప్లంబరు వచ్చిన రోజు మేస్త్రి రాడు, మేస్త్రి వచ్చేసరికి రాయి రాదు. ఇద్దరూ ఉద్యోగాలకి పోయే ఇంట్లో ఇది పెద్ద ఇబ్బందే, వాళ్ళు ఎక్కువ డబ్బు పోసి ఒకే చేతికి అప్పగిస్తే తప్పుపట్టను. అప్పుడైనా గోడ పనులు ముందు, రాయి తర్వాత, టైల్సు ఆపైన, పెయింటు చివర అన్న వరస కాగితం మీద రాయించుకోండి.

మాకింకా తేలనిది చిమ్నీ. గొట్టం బయటికి పెట్టని రకం పొగని వడగట్టి అదే వేడిగాలిని మళ్ళీ గదిలోకే వదులుతుంది, మే నెలలో మన ఎండలకి అది పనికిరాదు. గొట్టం పెడదామంటే మా పొయ్యి దగ్గర్నుంచి బయటి గోడకి రెండు వంపులు తిరగాలి, వంపు వంపుకీ లాగే శక్తి తగ్గుతుంది. ప్రస్తుతానికి పన్నెండంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టాం, కిటికీ పక్కన కాకుండా తలుపుకి ఎదురు గోడకి. కిటికీ పక్కనే పెడితే ఆ కిటికీ గాలినే లాగి బయట పోస్తుంది, పొగ అక్కడే ఉంటుంది. చేపలు వేయించినప్పుడు వాసన హాల్లోకి రావడం బాగా తగ్గింది, మిరపకాయల తాలింపుకి మాత్రం ఇంకా దగ్గొస్తోంది. వేసవి గడిచాక, అప్పటికీ అవసరం అనిపిస్తే, పొయ్యిని బయటి గోడ వైపుకి జరిపి ఒకటే వంపుతో గొట్టం వేయించాలని ఆలోచన. అలా చేస్తే పొయ్యి గట్టు ఎత్తు వైపుకి వస్తుంది, అత్తయ్యకి అందదు. ఆ లెక్క ఇంకా తెగలేదు. మీలో ఎవరైనా పాత ఇంట్లో రెండు ఎత్తుల గట్టుతో చిమ్నీ పెట్టించుకుని ఉంటే ఎలా అమర్చారో చెప్పండి.